తొడమీద తాళం వేస్తూ ఒక హార్డ్ బాప్ కచేరీని వినే పద్ధతి

విశాఖపట్నంలో కర్ణాటక సంగీతం వింటూ పెరిగినవారికి జాజ్ రికార్డు ఒకటి వినిపిస్తే, చాలామంది మర్యాదకు ఐదు నిమిషాలు విని, ఆ తరువాత కాఫీ సంగతి ఎత్తుతారు. వాయిద్యాలన్నీ ఒకేసారి మాట్లాడుతున్నట్టు ఉంటుంది, పాట ఎక్కడ మొదలై ఎక్కడికి తిరిగి వస్తున్నదో అంతుపట్టదు, మధ్యలో శ్రోతలు ఎందుకు చప్పట్లు కొట్టారో అర్థం కాదు. నేను కూడా చాలా ఏళ్లు అలాగే విన్నాను. పిఠాపురం కాలనీలోని కళాభారతిలో కచేరీ జరుగుతుండగా తొడమీద ఆది తాళం వేసే అలవాటు ఎవరికైనా ఉంటే, జాజ్‌లో ఒక శాఖ అయిన హార్డ్ బాప్ వినడానికి కావలసిన సరంజామాలో ముప్పాతిక వంతు వారి దగ్గర అప్పటికే ఉన్నట్టేనని నాకు ఆలస్యంగా తెలిసింది. మిగిలిన పావు వంతు కోసం మన చెవికి ఉన్న రెండు పాత అలవాట్లను కొన్నాళ్లపాటు పక్కన పెట్టవలసి ఉంటుంది. ఆ పని ఎలా చేయాలో ఒకే ఒక్క రికార్డును ఆధారం చేసుకొని, నాలుగైదు సాయంత్రాలకు సరిపడేలా ఇక్కడ వివరిస్తాను.

నేను ఎంచుకున్న రికార్డు పేరు 'ది కానన్‌బాల్ ఆడర్లీ క్వింటెట్ ఇన్ శాన్ ఫ్రాన్సిస్కో'. 1959 అక్టోబరు 18, 20 తేదీల్లో, శాన్ ఫ్రాన్సిస్కోలోని జాజ్ వర్క్‌షాప్ అనే క్లబ్బులో, శ్రోతల సమక్షంలో, రివర్‌సైడ్ సంస్థ కోసం ఓరిన్ కీప్‌న్యూస్ పర్యవేక్షణలో దీన్ని రికార్డు చేశారు. ఆల్టో శాక్సోఫోన్ వాయించే జూలియన్ ఆడర్లీ ఈ బృందానికి నాయకుడు. కానన్‌బాల్ అన్నది ఆయనకు చిన్నప్పుడు తిండిపుష్టిని చూసి తోటివారు పెట్టిన వెక్కిరింత పేరు నోళ్లలో నలిగి మారిన రూపం. ఆయన తమ్ముడు నాట్ ఆడర్లీ కార్నెట్, బాబీ టిమ్మన్స్ పియానో, శామ్ జోన్స్ డబుల్ బేస్, అప్పటికి 22 ఏళ్ల వయసున్న లూయిస్ హేస్ డ్రమ్స్ వాయించారు. అదే సంవత్సరం మార్చి, ఏప్రిల్ నెలల్లో కానన్‌బాల్ ట్రంపెట్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ బృందంలో ఉండి 'కైండ్ ఆఫ్ బ్లూ' రికార్డుకు వాయించారు. ఆ బృందం నుంచి బయటకు వచ్చి తమ్ముడితో కలిసి సొంత బృందం కట్టుకున్న కొద్దికాలానికే ఈ కచేరీ జరిగింది.

హార్డ్ బాప్ అంటే ఏమిటో ముందుగా రెండు మాటల్లో చెప్పుకుంటే చాలు. 1940లలో చార్లీ పార్కర్ వంటివారు తీర్చిదిద్దిన బీబాప్ చాలా వేగమైనది, చాలా చిక్కులున్నది. 1950ల మధ్యకు వచ్చేసరికి ఆర్ట్ బ్లేకీ, హోరేస్ సిల్వర్ వంటివారు ఆ వేగాన్ని వదులుకోకుండానే, నల్లజాతివారి చర్చి పాటల బరువునూ, వారి జానపద గానమైన బ్లూస్ బాణీల విరుపునూ దానికి కలిపారు. ద్రుతకాలంలో సాగే స్వరకల్పనకు భజన మండలి ఊపు తోడైతే ఎలా ఉంటుందో ఊహించుకుంటే, ఆ మార్పు ఎటువంటిదో కొంత అందుతుంది. చర్చిలో బోధకుడు ఒక మాట అనగానే సభ బదులు పలకడం, మన బుర్రకథలో కథకుడు ఒక చరణం ఎత్తగానే వంతలు 'తందాన తాన' అని అందుకోవడం ఒకే కోవకు చెందిన పనులు. ఈ రికార్డులో శాక్సోఫోన్ ఒక మాట అనగానే పియానో దానికి బదులు పలికే తీరు వింటున్నప్పుడు ఆ వంతలను గుర్తు చేసుకోండి.

ఆల్టో శాక్సోఫోన్ ధ్వని ఎలా ఉంటుందో తెలియని తెలుగు శ్రోత ఉండడేమో. కద్రి గోపాల్‌నాథ్ ఈ వాయిద్యం మీదే కర్ణాటక సంగీతం వాయించి దక్షిణ భారతమంతా మెప్పించారు. మన ఊళ్లోనైతే నౌకాదళం వాద్యబృందంలోనూ, పెళ్లి ఊరేగింపు బ్యాండు మేళంలోనూ శాక్సోఫోన్ కనబడుతూనే ఉంటుంది. ఒళ్లంతా ఇత్తడి అయినా, శబ్దం పుట్టేది నోటి దగ్గర బిగించిన రెల్లు పలక నుంచి. ఆ విధంగా అది బాకా కంటే సన్నాయికి దగ్గరి చుట్టం. గమకానికి అలవాటుపడిన చెవికి ఈ వాయిద్యం త్వరగా నచ్చడానికి కారణం అదేనని నా నమ్మకం.

ఇక ఏర్పాట్లు. ఫోన్‌కు ఉన్న చిన్న స్పీకరులో ఈ సంగీతాన్ని వినవద్దు. డబుల్ బేస్‌లో అన్నిటికంటే కిందిస్థాయి తీగ సెకనుకు సుమారు 41 సార్లు కంపిస్తుంది. అంత మంద్రమైన ధ్వనిని ఫోను స్పీకరు పలికించలేదు, కాబట్టి బృందానికి పునాది వేస్తున్న మనిషి మీ గదిలోకి రానే రాడు. చెవిని పూర్తిగా కప్పే హెడ్‌ఫోన్స్ ఒక మాదిరివైనా సరిపోతాయి. రెండో శత్రువు నెత్తిమీద తిరిగే ఫ్యాను. దాని హోరు సరిగ్గా బేస్ పలికే చోటనే కూర్చుంటుంది. మే నెలలో విశాఖలో ఫ్యాను ఆపి సంగీతం వినమనడం దౌర్జన్యమే కాబట్టి, వీలైతే డిసెంబరు, జనవరి సాయంత్రాలను దీనికి కేటాయించుకోండి. లేదా సముద్రపు గాలి తిరిగిన తరువాత కిటికీ తెరిచి, ఫ్యానును అన్నిటికంటే తక్కువ వేగంలో పెట్టండి. పరికరంలో బేస్ పెంచే మీటలు, ఈక్వలైజర్లు ఏవైనా ఉంటే ఆపివేయండి, ఎందుకంటే అవి శామ్ జోన్స్‌ను బయటకు తీసుకురావడానికి బదులు ఆయన వేలి చప్పుడును ముద్దగా చేస్తాయి.

ఎల్పీ రికార్డు మీద వినాలనుకునేవారికి ఒక హెచ్చరిక, అది నా సొంత నష్టం నుంచి పుట్టినది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మన ఊరిని తాకిన రోజు పెదవాల్తేరులోని మా ఇంటి కిటికీ అద్దం పగిలి, గోడ వారగా నేలమీద వరుసగా పెట్టిన రికార్డులు తెల్లవార్లూ నానాయి. అట్టలు ఒకదానికొకటి అతుక్కుపోయి, విడదీయబోతే కానన్‌బాల్ ముఖం పక్క రికార్డు వీపుకు అంటుకొని వచ్చింది. అట్ట పోయినా రికార్డు పోలేదు: మధ్యలోని కాగితపు బిళ్ల తడవకుండా పట్టుకొని, మంచినీళ్లతో గాడుల వెంట గుండ్రంగా కడిగి, పాత మల్లుగుడ్డతో అద్ది, నీడన ఆరబెడితే, నెల తరువాత కరెంటు, తీరిక రెండూ ఉన్న ఒక రాత్రి అది చక్కగా పలికింది. అప్పటి నుంచి రికార్డులు నేలకు రెండడుగుల ఎత్తున నిలువుగానే ఉంటున్నాయి. పడుకోబెట్టినవి బరువుకు వంగుతాయి, సముద్రపు తేమకు బూజు పట్టినవి చిటపటలాడతాయి. కొత్తగా కొనేవారు ఈ రికార్డు తరువాతి ముద్రణలను వెతకవచ్చు. రివర్‌సైడ్ సంస్థ రికార్డులు 1972లో ఫాంటసీ సంస్థ చేతికి వెళ్లాయి, వారు 'ఒరిజినల్ జాజ్ క్లాసిక్స్' అనే వరుసలో వాటిని మళ్లీ వేశారు. సీడీలో మాత్రం మొదటి ఎల్పీలో లేని 'స్ట్రెయిట్, నో చేజర్' అనే వాయింపు అదనంగా చేరింది. మన పాఠానికి అది చాలా అవసరం కాబట్టి, అది ఉన్న ముద్రణనే తీసుకోండి.

మొదటి సాయంత్రం 'దిస్ హియర్' ఒక్కటే వినండి. దాని నిడివి సుమారు 12 నిమిషాలు. వాయింపు మొదలయ్యే ముందు కానన్‌బాల్ మాట్లాడతారు. ఫ్లోరిడాలో బడిపిల్లలకు సంగీతం నేర్పిన ఉపాధ్యాయుడు కావడం వల్ల కాబోలు, విడమరిచి చెప్పే ఓపిక, చమత్కారం రెండూ ఆ గొంతులో ఉన్నాయి. ఇది జాజ్ వాల్ట్జ్ అని, దీని వేళ్లు చర్చి సంగీతంలో ఉన్నాయని చెబుతూనే, బాబీ టిమ్మన్స్ కట్టిన ఈ పాట పేరును పుస్తకాల్లో ఉన్నట్టు కాకుండా తమ వాడుకలో ఎలా పలుకుతారో చెప్పి నవ్విస్తారు. 'ఏమిటి' అని రాసి 'ఏటి' అని పలికే మనకు ఆ సరదాను ఎవరూ వివరించనక్కరలేదు. చాలామంది ఈ మాటలను దాటవేసి సంగీతం దగ్గరకు వెళ్లిపోతారు. అది హరికథలో పిట్టకథను వదిలేయడం వంటిది; కథ తెలుస్తుంది, దాసుగారు తెలియరు. ఆదిభట్ల నారాయణదాసు గారి విజయనగరం ఇక్కడికి అరవై కిలోమీటర్లలోపే ఉంది కాబట్టి, వేదిక మీద మాట, పాట వేరు కావన్న సంగతి ఈ ప్రాంతం వారికి నేను చెప్పనక్కరలేదు.

వాల్ట్జ్ అంటే మూడు అక్షరాల నడక. కాబట్టి చేత్తో రెండు దెబ్బలు, ఒక విసురు వేయండి, మనం రూపకానికి వేసినట్టే. మొదటిసారి వినేటప్పుడు పాటను పట్టించుకోకుండా ఈ మూడింటిని మాత్రమే 12 నిమిషాలపాటు తప్పిపోకుండా వేయగలరేమో చూడండి. డ్రమ్స్ మధ్యమధ్య చేసే అల్లరికి చేయి జారుతుంది. జారినప్పుడు కంగారుపడి ఎక్కడో ఒకచోట అతికించబోకండి; శామ్ జోన్స్ బేస్‌ను వెతికి పట్టుకొని, అది గట్టిగా దిగిన చోటును మొదటి దెబ్బగా తీసుకోండి. రెండోసారి వినేటప్పుడు శాక్సోఫోన్, కార్నెట్ కలిసి వాయించే మొదటి బాణీని మనసులో కూనిరాగంగా నిలుపుకోండి. ఈ మొదటి బాణీని జాజ్ వాళ్లు 'హెడ్' అంటారు. మన పల్లవి లాగానే అది మొదట వినిపించి, అందరి మనోధర్మమూ అయిపోయిన తరువాత చివర మళ్లీ వస్తుంది. మధ్యలో ఎవరి తరువాత ఎవరు వాయించారో ఒక కాగితం మీద రాసుకోండి.

రెండో సాయంత్రంతో మొదటి పాత అలవాటును విడిచిపెట్టే పని మొదలవుతుంది. దీనికి ర్యాండీ వెస్టన్ కట్టిన 'హై-ఫ్లై' అనుకూలమైనది. పరుగు లేని నాలుగక్షరాల నడక. ఆరున్నర అడుగులు దాటిన మనిషి వెస్టన్. అంత ఎత్తు నుంచి నేలను చూస్తే ఎలా ఉంటుందో అన్నదే ఆ పేరు వెనుక ఉన్న తమాషా. మన తాళంలో బలమంతా సమం మీద, అంటే ఆవర్తనం మొదటి దెబ్బ మీద, ఉంటుంది. ఇక్కడ సమం ఉంటుంది గాని దాన్ని ఎవరూ గట్టిగా కొట్టి చూపించరు; డ్రమ్స్ వాయించే మనిషి ఎడమ కాలితో నొక్కే రెండు పళ్లాల జత, అంటే హై-హ్యాట్, రెండో అక్షరం మీద, నాలుగో అక్షరం మీద 'చిక్' అని మూసుకుంటుంది. విజయనగరం సంగీత కళాశాలలో చదువుకున్న మృదంగం మాష్టారు ఒకరు మా పక్క వీధిలో ఉంటారు. ఆయనకు ఈ పాట మొదటిసారి వినిపించినప్పుడు ఐదు నిమిషాలపాటు ఆయన కుడిచేయి తొడమీద లేస్తూ దిగుతూ ఉంది, ముఖం మాత్రం చిట్లించుకొనే ఉంది. చివరకు చేయి ఆపి, "ఏటండీ, ఈయన సమం మింగేస్తన్నాడా?" అని అడిగారు. మింగడం లేదు, రెండు వైపులా కంచె కట్టి మధ్యలో ఖాళీగా వదిలేస్తున్నాడని చెప్పవలసి వచ్చింది.

అలవాటు మార్చడానికి మాష్టారే ఒక ఉపాయం కనిపెట్టారు, అంతకంటే మంచిది నాకు ఇప్పటిదాకా దొరకలేదు. నోటితో 'తకధిమి' అంటూ, 'త', 'ధి'లను లోగొంతుతో పలికి, 'క', 'మి'ల దగ్గర మాత్రం చిటిక వేయాలి. మొదట్లో నాలుక ఒకవైపు, వేళ్లు ఒకవైపు లాగుతాయి. బీచ్ రోడ్డులో ఉదయపు నడకలో అడుగుకొక అక్షరం చొప్పున, కుడికాలు పడ్డ ప్రతిసారీ చిటిక వేసుకుంటూ జలాంతర్గామి మ్యూజియం దాకా వెళ్లి వస్తే (ఎవరైనా చూస్తే చూడనివ్వండి) రెండు మూడు రోజుల్లో పట్టుబడుతుంది. ఆ తరువాత మళ్లీ 'హై-ఫ్లై' పెడితే మీ చిటికా, లూయిస్ హేస్ హై-హ్యాట్ ఒకదానిమీద ఒకటి పడతాయి, అంతకుముందు గజిబిజిగా అనిపించిన చోటంతా అరలు అరలుగా విడిపోతుంది.

అదే సాయంత్రం ఇంకొక సంగతి గమనించాలి. జాజ్‌లో 'స్వింగ్' అనే మాటను అందరూ వాడతారు గాని, అది చేత్తో చూపించగలిగినది కూడా. ఒక్కొక్క అక్షరాన్ని సగం సగం చేయకుండా, మూడు భాగాలు చేసి, మొదటి రెండింటిని కలిపి ఒక పొడుగు, చివరిది ఒక పొట్టి చేస్తారు. అంటే చతురశ్ర తాళంలోనే లోపల తిశ్ర గతి నడుస్తుంది: ప్రతి అక్షరానికి 'తకిట' అనుకొని అందులో 'కి'ని మింగేస్తే 'త..ట, త..ట' అని మిగులుతుంది. హేస్ కుడిచేత్తో పెద్ద సింబల్ మీద వాయించేది దాదాపు ఇదే: ఒకటో అక్షరానికి ఒక్క 'టింగ్', రెండో దానికి 'టింగ్..క', మూడో దానికి ఒక్క 'టింగ్', నాలుగో దానికి 'టింగ్..క'. పాట వేగం పెరిగేకొద్దీ ఆ పొడుగూ పొట్టీ దగ్గరపడి సమానమవుతూ వస్తాయి. ఇదే రికార్డులోని 'యూ గాట్ ఇట్' పెట్టి, దీనితో పోల్చి చూసుకోండి.

మూడో సాయంత్రం కోసమే అసలు ఇంత దూరం వచ్చాము. రెండో పాత అలవాటు ఇక్కడ అడ్డు వస్తుంది. మన చెవి వెనుక ఎప్పుడూ ఒక తంబుర మోగుతూ ఉంటుంది; షడ్జమం కదలదు, రాగం దాని మీద నిలబడి అందాలు చూపిస్తుంది. జాజ్ వింటూ 'ఇది ఏ రాగం' అని వెతికేవారు చాలామంది ఉన్నారు, ఒకచోట కల్యాణి, ఇంకొకచోట ఖరహరప్రియ దొరికినట్టే దొరికి జారిపోతాయి, దానితో విసుగు పుడుతుంది. ఇక్కడ నేలే కదులుతుంది. అయితే లెక్క ప్రకారం కదులుతుంది, తిరిగి అదే చోటికి వస్తుంది. ఆ లెక్కను మన ఆది తాళంతో కొలవవచ్చు.

'స్ట్రెయిట్, నో చేజర్' తీసుకోండి. థెలోనియస్ మంక్ కట్టిన ఈ పాట పన్నెండు బార్ల బ్లూస్. ఒక్కొక్క బార్‌కు నాలుగు అక్షరాలు కాబట్టి మొత్తం 48 అక్షరాలు, అంటే ఎనిమిదేసి అక్షరాల ఆది తాళ ఆవర్తనాలు సరిగ్గా ఆరు. ఒక దెబ్బ, మూడు వేళ్లు, రెండుసార్లు దెబ్బ-విసురు వేసుకుంటూ బేస్‌ను మాత్రమే వినండి. మొదటి రెండు ఆవర్తనాలు షడ్జమం చుట్టూ తిరుగుతాయి. మూడో ఆవర్తనం సమంలో నేల మధ్యమానికి ఎక్కుతుంది. ఇల్లు వదిలి మేడ మెట్లెక్కినట్టు ఉండే ఆ క్షణాన్ని పట్టుకోవడం అన్నిటికంటే తేలిక. నాలుగో ఆవర్తనం మళ్లీ షడ్జమం. ఐదోది పంచమం వైపు లాగి, ఒక బిగువును పుట్టిస్తుంది. ఆరోది ఇల్లు చేరుతుంది. మధ్యలో చిన్న చిన్న సందులు, మలుపులు ఎన్నో ఉంటాయి, వాటిని ప్రస్తుతానికి వదిలేయవచ్చు. ఈ ఆరు ఆవర్తనాల చుట్టును ఒక 'కోరస్' అంటారు. ఎవరు ఎంతసేపు వాయించినా ఈ చుట్టును ఇన్నిసార్లు అని పూర్తి చేసి పక్కవారికి అప్పగిస్తారు. ప్రతి కోరస్‌కు కాగితం మీద ఒక గీత గీస్తూ పోతే, ఎవరు ఎన్ని చుట్లు తీసుకున్నారో మీ దగ్గర పద్దు తయారవుతుంది. అంతేకాదు, ఈ పాట హెడ్‌ను జాగ్రత్తగా వింటే ఒకే చిన్న మాటను మంక్ మళ్లీమళ్లీ వేరువేరు ఎడుపుల్లో, అంటే తాళంలో వేరువేరు చోట్ల, ఎత్తడం వినిపిస్తుంది. ఎడుపు మార్చి పల్లవి పాడటం తెలిసిన మన శ్రోతలకు అది ఎంత కొంటె పనో అర్థమవుతుంది.

అది పట్టుబడిన తరువాత 'బొహీమియా ఆఫ్టర్ డార్క్'కు వెళ్లండి. ఆస్కార్ పెటిఫోర్డ్ కట్టిన ఈ పాటకు 32 బార్లు, అంటే పదహారు ఆది తాళ ఆవర్తనాలు. నాలుగేసి ఆవర్తనాల నాలుగు ముక్కలుగా దాన్ని కోసుకోవచ్చు. మొదటి రెండు ముక్కలూ ఒకే బాణీ, మూడోది వేరే బాణీ, నాలుగోది మళ్లీ మొదటిదే. మూడో ముక్కను 'బ్రిడ్జ్' అంటారు. పల్లవిని రెండుసార్లు పాడి, అనుపల్లవికి వెళ్లి, తిరిగి పల్లవికి రావడంలా ఉంటుంది. చేయి లెక్క తప్పినవారు ఈ బ్రిడ్జ్ ఎక్కడ మొదలైందో కనిపెట్టి అక్కడి నుంచి మళ్లీ దారిలో పడవచ్చు. ఈ పాటకు కానన్‌బాల్ జీవితంలో ఒక ప్రత్యేకత ఉంది. పెటిఫోర్డ్ బృందం వాయిస్తుండిన న్యూయార్క్ క్లబ్బు పేరు కెఫే బొహీమియా. 1955లో ఫ్లోరిడా నుంచి సెలవుల్లో వచ్చిన కానన్‌బాల్, అనుకోకుండా అదే వేదిక ఎక్కి, ఒక్క రాత్రిలో పేరు తెచ్చుకున్నారు. ఆ సంవత్సరం మార్చిలోనే చార్లీ పార్కర్ మరణించారు; ఆల్టో వాయించే ప్రతి కుర్రవాడినీ ఆయనతో పోల్చే కాలం అది.

నాలుగో సాయంత్రం చేయి తాళం వేస్తూనే ఉండాలి గాని, చెవి మాత్రం ఆల్టో ఒక్కదాని వెంట వెళ్లాలి. కానన్‌బాల్ ధ్వని గుండ్రంగా, నిండుగా ఉంటుంది. పై స్థాయిలో కూడా పలుచబడదు. మూడు విషయాలు గమనించండి. ఒకటి ఊపిరి: ఇది గాలి వాయిద్యం కాబట్టి వాక్యం ఎక్కడ ముగిసిందో ఊపిరి చెబుతుంది, ఒక ఊపిరికి ఎన్ని ఆవర్తనాలు లాగారో లెక్కించండి. ఆవర్తనం సమంలో ముగియవలసిన వాక్యాన్ని ఆయన కావాలని దాటించి, తరువాతి ఆవర్తనం మధ్యలో దించుతున్నప్పుడు, తాళం వేసే చేతికే ఆ తమాషా అందుతుంది. రెండోది కాలం: నింపాదిగా నాలుగు మాటలు అని, ఖాళీ వదిలి, ఉన్నట్టుండి రెండో కాలంలోకి దూకడం ఆయనకు అలవాటు, కింద బేస్ తన నడక మార్చదు కాబట్టి ఆ పరుగు ఎంత వేగమో కొలిచి చూసుకోవచ్చు. మూడోది బ్లూస్ గాంధారం. కింది మెట్టైన సాధారణ గాంధారానికీ పై మెట్టైన అంతర గాంధారానికీ మధ్య ఎక్కడో మొదలుపెట్టి, కింది నుంచి పైకి నెడుతూ పలికే ఆ స్వరం హార్మోనియంలో దొరకదు. నాదస్వరం విన్న చెవి దాన్ని అపస్వరం అని పొరబడదు. పియానో మీద టిమ్మన్స్‌కు ఆ సౌకర్యం లేదు, పియానో మెట్ల మధ్య జారుడు ఉండదు. ఆయన పక్కపక్కనే ఉన్న రెండు మెట్లను రాసుకున్నట్టు నొక్కి ఆ లోటు తీర్చుకుంటారు.

మిగిలిన వారి గురించి తక్కువ చెబుతాను, మీ అంతట మీరే కనుక్కోవడం బాగుంటుంది. కార్నెట్ చూడటానికి ట్రంపెట్ కంటే పొట్టి, దాని ధ్వని అంచులు కాస్త మెత్తగా ఉంటాయి, అయినా అన్న గుండ్రని ధ్వని పక్కన తమ్ముడి గీతలు పదునుగా నిలబడతాయి. డ్రమ్స్ విడిగా వాయించే చోట్లను మన మృదంగం తని ఆవర్తనంలా విని ఆనందించవచ్చు, ఒక షరతు మీద: అక్కడ కూడా పాట చుట్టు లోపల నడుస్తూనే ఉంటుందన్న అనుమానంతో తాళం ఆపకుండా వేయండి.

ఇక శ్రోతలు. స్టూడియో రికార్డులో లేనిది, ఇక్కడ ఆరో వాయిద్యంగా ఉన్నది వారే. ఒక సాయంత్రం కేవలం వారి కోసం కేటాయించడం నాకు ఇష్టం. ఒకరి వంతు ముగిసిన చోట వచ్చే చప్పట్లు మన కచేరీలో వయొలిన్ ఆలాపన తరువాత వచ్చేవాటి వంటివే, వాటిలో కొత్త ఏమీ లేదు. వాయింపు మధ్యలో తోసుకొచ్చే కేకలు వేరు. అటువంటి కేక వినబడగానే పది సెకన్లు వెనక్కు వెళ్లి, దానికి ముందు ఏమి జరిగిందో వినండి. ఎక్కువసార్లు అక్కడ ఏ మెరుపు పరుగూ ఉండదు. ఒకే చిన్న మాటను పట్టుకొని వదలకుండా తిప్పడమో, బిగువును ఇంకొక ఆవర్తనం దాకా ఆపి ఉంచడమో ఉంటుంది. మంచి రసికుడు 'భలే' అనే చోటు ఏదో వారు అరవై ఏళ్ల కిందటే గుర్తు పెట్టి మన కోసం ఉంచారు.

అయితే అట్ట మీద 'లైవ్' అని ఉన్న ప్రతిదాన్నీ నమ్మవద్దు. ఇదే కానన్‌బాల్ బృందం 1966లో చేసిన 'మెర్సీ, మెర్సీ, మెర్సీ' అట్ట మీద చికాగోలోని ఒక క్లబ్బు పేరు ఉంది. నిజానికి దాన్ని లాస్ ఏంజిలిస్‌లోని క్యాపిటల్ సంస్థ స్టూడియోలోకి శ్రోతలను పిలిచి, కూర్చోబెట్టి రికార్డు చేశారు. వాయించినదీ నిజమే, చప్పట్లూ నిజమే, చోటు మాత్రం నిజం కాదు. అయినా ఆ రికార్డు నాకు చాలా ఇష్టం; శాన్ ఫ్రాన్సిస్కో రికార్డు తరువాత మూడో స్థానంలో వినవచ్చు.

రెండో స్థానంలో వినవలసినది 1960 అక్టోబరు 16న కాలిఫోర్నియాలోని హెర్మోసా బీచ్‌లో, లైట్‌హౌస్ అనే కెఫేలో రికార్డు చేసినది. శాన్ ఫ్రాన్సిస్కో కచేరీకి దాదాపు ఏడాది తరువాతది. టిమ్మన్స్ స్థానంలో విక్టర్ ఫెల్డ్‌మన్ పియానో వాయించారు, మిగిలినవారు మారలేదు. ఒక్క మనిషి మారితే బృందం నడక ఎంత మారుతుందో చూడాలనుకునేవారికి ఇంతకంటే మంచి జత దొరకదు. పైగా అది సముద్రం ఒడ్డున ఉన్న కెఫే, కాబట్టి మన ఊరివారికి కొంచెం పక్షపాతం ఉన్నా తప్పులేదు.

మాష్టారు పోయిన ఆదివారం ఆ రికార్డు వినడానికే వచ్చారు. అందులోని 'శాక్ ఓ వో' కూడా బ్లూసే. ఆయన కళ్లు మూసుకొని, ఎడమచేత్తో చిటికలు వేస్తూ, కుడిచేత్తో కరెంటు బిల్లు వెనుక గీతలు గీస్తూ పాటంతా విన్నారు. నేను వేరే కాగితం మీద గీశాను. ఆల్టో వాయించిన కోరస్‌ల దగ్గర ఆయన లెక్కకూ నా లెక్కకూ ఒకటి తేడా వచ్చింది. ఫ్యాను ఆపి, మళ్లీ మొదటి నుంచి పెట్టాము.